తోడు నడిచే విద్య

వాక్యం వినడానికి సైబరాబాద్‌లో కరువు లేదు. 1998 నవంబరులో మాదాపూర్ బండరాళ్ల మధ్య సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుంచి కోస్తా నుంచీ రాయలసీమ నుంచీ తెలంగాణ పల్లెల నుంచీ ఉద్యోగాల కోసం వచ్చినవాళ్లలో క్రైస్తవ కుటుంబాల పిల్లలూ చాలామందే ఉన్నారు. వాళ్ల వెంటే సంఘాలూ వచ్చాయి. హఫీజ్‌పేటలోని కల్వరి టెంపుల్ లాంటి పెద్ద మందిరాల్లో ఆదివారం ఒక ఆరాధన ముగిసీ ముగియకముందే మరో ఆరాధనకు జనం చేరుతుంటారు. కొండాపూర్, చందానగర్, గచ్చిబౌలి వీధుల్లో అద్దె హాళ్లలోనూ అపార్టుమెంట్ల పై అంతస్తుల్లోనూ చిన్న సంఘాలు కూడుకుంటాయి. ఇక యూట్యూబ్ ఉండనే ఉంది. క్యాబ్ ఎక్కింది మొదలు ఆఫీసు గేటు దగ్గర దిగేదాకా ప్రసంగాలు వింటూ పోవచ్చు. ఇంత సమృద్ధి మధ్య దొరకనిది ఒక్క మనిషి. ఎదురుగా కూర్చుని, వారం వారం కాకపోయినా నెలకోసారైనా ఒక గంట కేటాయించి, ప్రార్థన ఎలా సాగుతోందని అడిగి, చెప్పిందంతా విని, విన్న వెంటనే సలహా ఇవ్వకుండా మనతోపాటు ఆగగలిగిన మనిషి.

ఇక్కడివాళ్ల మనసుల్ని పట్టి పీడించే ప్రశ్నలు వేదిక మీది నుంచి తీరేవి కావు. ఆన్‌సైట్ అవకాశం వచ్చింది, ఊళ్లో అమ్మకు డయాలసిస్ జరుగుతోంది, వెళ్లడం దేవుని చిత్తమా కాదా? లేఆఫ్‌ల పుకారు మొదలైన దగ్గర్నుంచి మోకరిస్తే భయం తప్ప మరేమీ రావడం లేదు, నాలో విశ్వాసం పోయిందా? ఇంటర్ చదివేటప్పుడు బాప్తిస్మం తీసుకున్న రోజున్న ఆనందం ఇన్నేళ్లుగా జాడ లేదు, పాటలు పాడుతున్నాను, దశమభాగం ఇస్తున్నాను, లోపల మాత్రం ఎండిపోయి ఉంది, ఇది పాపమా, అలసటా, దేవుడే ఇలా నడిపిస్తున్నాడా? ఆరాధన అయ్యాక వరసలో నిలబడితే పాస్టర్‌గారు తలమీద చెయ్యి పెట్టి రెండు నిమిషాలు ప్రార్థిస్తారు. ఆ రెండు నిమిషాలు ఎంతోమందిని నిలబెట్టాయి. కానీ వెనక వందమంది నిలబడి ఉండగా ఆయన అంతకన్నా చేయగలిగింది లేదు. అందుకే ఈ పని ఎవరు నేర్చుకోవాలి, ఎలా నేర్చుకోవాలి అని అడగవలసి వస్తోంది. క్రైస్తవ జీవితంలో ఇంకొకరికి మార్గదర్శి కావడం నేర్చుకుంటే వచ్చే విద్యేనని, సాధారణ విశ్వాసులు దాన్ని నేర్చుకోవాలని నా వాదన. ఆ విద్యలో అన్నిటికన్నా కష్టమైన పాఠం అవతలి మనిషి మీద అధికారం తీసుకోకుండా ఉండడం.

ఈ పని ఎలా జరుగుతుందో సమూయేలు మొదటి గ్రంథం మూడో అధ్యాయం దగ్గరగా చూపిస్తుంది. షిలోహు మందిరంలో రాత్రివేళ బాలుడైన సమూయేలుకు పిలుపు వినబడింది. ఏలీ పిలిచాడనుకుని పరుగెత్తాడు. నేను పిలవలేదు, వెళ్లి పడుకో అన్నాడు ఏలీ. రెండోసారీ అంతే. మూడోసారికి గాని పిలుస్తున్నదెవరో ఆ ముసలి యాజకుడికి తట్టలేదు. తట్టాక ఆయన ఏం చేశాడో, ఏం చేయలేదో చూడాలి. దేవుడు ఏం చెప్పబోతున్నాడో ఊహించి చెప్పలేదు. తానూ లేచి వెళ్లి పక్కన కూర్చోలేదు. మళ్లీ పిలుపు వస్తే ఎలా బదులు పలకాలో నేర్పి, కుర్రవాణ్ణి తన చోటికి పంపేశాడు. తెల్లవారాక విన్నదేదీ దాచవద్దన్నాడు. తీరా ఆ విన్నది ఏలీ ఇంటి మీద తీర్పే. ఆయన దాన్ని కాదనలేదు, చెప్పిన పిల్లవాణ్ణి కసరలేదు. ఏలీకి చూపు మందగించింది. కొడుకులు దారి తప్పితే అడ్డుకోలేకపోయాడు, అందుకు శిక్షా అనుభవించాడు. అయినా ఆ రాత్రి పిలుపు తనది కాదని గుర్తించాడు, గుర్తించి పక్కకు తప్పుకున్నాడు. మార్గదర్శి పని అంతా ఆ రెండు క్రియల్లోనే ఉంది. మొదటిదానికి అనుభవం కావాలి, రెండోదానికి వినయం కావాలి. మన సంఘాల్లో మొదటిది ఉన్నవాళ్లు చాలామంది కనిపిస్తారు.

పదహారో శతాబ్దంలో ఇదే మెలకువను నియమాలుగా రాసిపెట్టినవాడు ఒక సైనికుడు. 1521లో పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి ఇగ్నేషియస్ లొయోలా కాలు విరిగింది. మరుసటి ఏడు మన్రేసా ఊళ్లో నెలల తరబడి ప్రార్థనలో గడుపుతూ రాసుకున్న నోట్సే ముప్పై రోజుల ఆధ్యాత్మిక సాధనల గ్రంథంగా పెరిగింది. పోపు మూడో పౌలు దాన్ని 1548లో ఆమోదించాడు. ఇతరుల చేత ఆ సాధనలు చేయించడం మొదలుపెట్టిన నాటికి ఇగ్నేషియస్ యాజకుడు కాదు, వేదాంతం చదివినవాడూ కాదు. 1527లో అల్కలాలోనూ సలమాంకాలోనూ సంఘాధికారులు ఆయన్ని జైల్లో పెట్టి విచారించారు. బోధలో తప్పు పట్టలేకపోయారు గానీ చదువు లేకుండా ఇలాంటి సంగతులు బోధించవద్దని ఆంక్ష పెట్టారు. ఆయన పారిస్ వెళ్లి ఏళ్ల తరబడి చదువుకున్నాడు. యాజకాభిషేకం జరిగింది 1537లో. ఇతరుల్ని నడిపించే పనికి క్రైస్తవ లోకంలో ఎంతోమంది వాడే పుస్తకం ఒక మామూలు విశ్వాసి చేతిలో రూపుదిద్దుకుంది, ఆ విశ్వాసే తర్వాత బల్ల ముందు కూర్చుని చదువుకున్నాడు. ఈ రెండు సంగతుల్లో ఏ ఒక్కదాన్ని వదిలేసినా దారి తప్పుతాం.

ఆ గ్రంథం మొదట్లో మార్గదర్శికి ఇరవై సూచనలున్నాయి. రెండోది తక్కువ మాట్లాడమంటుంది, ఎందుకంటే మనిషి తాను స్వయంగా కనుక్కున్నదే లోపల నిలుస్తుంది. పదిహేనోది త్రాసు ముల్లులా మధ్యలో నిలబడమంటుంది. సన్యాసం వైపో సంసారం వైపో మనిషిని నెట్టకుండా, సృష్టికర్తను తన సృష్టితో నేరుగా వ్యవహరించనివ్వమంటుంది. పదిహేడోది అవతలివాళ్ల పాపాలూ రహస్యాలూ తవ్వి తీయవద్దంటుంది. మనసులో కదులుతున్న ప్రేరణలు ఏవైపు లాగుతున్నాయో తెలుసుకుంటే చాలు. పంతొమ్మిదోది మాదాపూర్ కోసమే రాసినట్టుంటుంది. వ్యవహారాల్లో తలమునకలైనవాళ్లు ఊరు విడిచి రిట్రీట్‌కు వెళ్లక్కర్లేదు, రోజుకు గంటన్నర పక్కన పెట్టుకుని ఇంట్లో ఉంటూనే సాధన చేయవచ్చు.

మనవాళ్లకు ఇది సరిపడదనేవారున్నారు. తెలుగు విశ్వాసి వచ్చి అడిగేదే ‘ఏం చెయ్యమంటారు అయ్యగారూ?’ అని. నీ మనసులో ప్రభువు ఏం కదిలిస్తున్నాడో చూసుకో తమ్ముడూ అంటే, ఏమీ చెప్పలేదని నొచ్చుకుని ఇంకో దైవజనుడి దగ్గరికి పోతాడు, అక్కడ వాగ్దానమో ప్రవచనమో దొరుకుతుంది. ఈ మాటలో నిజముంది. పెద్దల మాట మీద పెళ్లిళ్లూ పొలాలూ నిర్ణయమైన సమాజం మనది, ఆ గౌరవాన్ని చిన్నచూపు చూడకూడదు. కానీ ఆన్‌సైట్ ప్రశ్ననే తీసుకుందాం. వెళ్లమని పెద్దాయన చెప్పాడు, కుర్రవాడు వెళ్లాడు, ఆరు నెలల తర్వాత తల్లి పోయింది. అప్పుడు ఆ కుర్రవాడు ఎవరితో పోరాడతాడు? వెళ్లవద్దన్నాడు, ఉండిపోయాడు, ఏడాది తిరక్కుండా ఇక్కడి ఉద్యోగమూ ఊడింది. అప్పుడు? తాను దేవుని ఎదుట తీసుకోని నిర్ణయం బరువును మనిషి దేవుని ఎదుట మోయలేడు, చెప్పినవాడి మీదికో దేవుని మీదికో నెట్టేస్తాడు. దారి చూపిస్తున్నామనుకుని ఆ మనిషికీ దేవునికీ మధ్య గోడ కట్టినవాళ్లమవుతాం.

మరి ఏమీ చెప్పకుండా ఊరుకోవాలా? ఇగ్నేషియస్ ఊరుకోలేదు. నిర్ణయం ఎలా చేయాలో నేర్పాడు. వెళ్తే వచ్చే మేళ్లు ఒకచోట, ఇబ్బందులు ఒకచోట, ఉండిపోతే వచ్చే మేళ్లు ఒకచోట, ఇబ్బందులు ఒకచోట రాసుకోమన్నాడు. ఇదే పరిస్థితి ముక్కూమొహం తెలియని ఒక మనిషికి వచ్చిందనుకుని, అతని మేలు మాత్రమే కోరి ఏం చెబుతావో చూడమన్నాడు. మరణశయ్య మీద పడుకుని వెనక్కి తిరిగి చూస్తే ఏ నిర్ణయం తీసుకుని ఉంటే బాగుండేదనిపిస్తుందో ఆలోచించమన్నాడు. అన్నీ అయ్యాక ఆ నిర్ణయాన్ని ప్రార్థనలో దేవుని ముందు పెట్టి కనిపెట్టమన్నాడు. ఐటీ ఉద్యోగికి పట్టికలు కొత్త కాదు. కొత్తదేమిటంటే, ఏ గడి రాస్తున్నప్పుడు పెన్ను ఆగిందో, దేన్ని చెబుతున్నప్పుడు గొంతు మారిందో ఎదురుగా కూర్చున్న మనిషి గమనించి, ‘అమ్మ సంగతి రాసేటప్పుడు ఆగావు, అక్కడ ఏముంది?’ అని అడగడం. ఆ ఒక్క ప్రశ్నతో జీతం, వీసా పక్కకు జరిగి అసలు భయం బయటపడవచ్చు. వెళ్లకపోతే తోటివాళ్లలో చిన్నతనమవుతుందన్న భయం కావచ్చు, వెళ్తే తమ్ముడి ముందు తల ఎత్తుకోలేనన్న భయం కావచ్చు. మార్గదర్శి నేర్చుకోవలసిన చూపు ఇది. చదివితే సగం వస్తుంది, మిగతా సగం చేయగా చేయగా వస్తుంది.

ఎండిపోయిన ప్రార్థన సంగతి ఇంకా సున్నితం. మన కూటాల్లో సాక్ష్యాలు ఎప్పుడూ గెలుపుతోనే ముగుస్తాయి కాబట్టి, ఏమీ అనిపించని మనిషి నోరు మూసుకుంటాడు. పాత మార్గదర్శులు ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పలేదు. నిరాశలో ఉన్నప్పుడు, అంతకుముందు నెమ్మదిలో ఉండగా చేసిన తీర్మానాన్ని మార్చవద్దన్నది ఇగ్నేషియస్ నియమం. అప్రైజల్ చేదుగా ముగిసిన రాత్రి రాజీనామా మెయిల్ రాసేవాళ్లకూ, సంఘం వాట్సాప్ గ్రూపులోంచి బయటికి వచ్చేసేవాళ్లకూ ఇంతకన్నా పనికొచ్చే సలహా ఉండదు. స్పెయిన్ సన్యాసి సిలువ యోహాను మరో అడుగు వేసి, కొన్ని ఎడారులు దేవుడే తీసుకొచ్చినవని, ఆ సమయంలో మళ్లీ పాత ఉద్రేకం తెప్పించాలని చూసే మార్గదర్శి పెద్ద హాని చేస్తాడని గట్టిగా రాశాడు. ఆయన సమకాలికురాలు ఆవిలా తెరేసా సగం చదువుకున్న సలహాదారుల చేతిలో తాను పడిన బాధ చెప్పి, నిజంగా చదువున్నవాళ్లు మాత్రం తనను ఎన్నడూ మోసగించలేదని రాసింది. అంత ప్రార్థనాపరురాలు చదువు వైపు మొగ్గడం మన భక్తులు ఆలోచించవలసిన సంగతి. పొడిబారిన ప్రార్థనకూ, దాచుకున్న పాపానికీ, నిద్రలేని రాత్రి షిఫ్టులకూ, డిప్రెషన్‌కూ బయటికి కనిపించే లక్షణాలు దాదాపు ఒకటే. వీటిని విడదీసి చూడడం రానివాడు నలుగురికీ ఒకే మందు ఇస్తాడు, అది చాలాసార్లు ఉపవాసమే అవుతుంది.

అధికారం సంగతికి వద్దాం, ప్రమాదమంతా అక్కడే ఉంది. 1970ల్లో అమెరికాలో శిష్యత్వం పేరుతో షెపర్డింగ్ ఉద్యమం నడిచింది. ప్రతి విశ్వాసీ ఒక కాపరికి లోబడాలి, ఉద్యోగం మారాలన్నా పెళ్లి చేసుకోవాలన్నా ఆ కాపరి మాట తీసుకోవాలి. మొదలుపెట్టినవాళ్లు దొంగలేమీ కాదు, పేరున్న బోధకులు. ఎన్నో కుటుంబాలు చితికిపోయాక, వారిలో ఒకరైన బాబ్ మమ్‌ఫోర్డ్ 1989లో బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. ఇలాంటి చోటే కతోలిక సంఘ చట్టం నుంచి మిగతా సంఘాలు నేర్చుకోవలసింది ఉంది. 1983 నాటి ఆ చట్టంలో 240వ నిబంధన ప్రకారం ఒక విద్యార్థిని అభిషేకానికి అంగీకరించాలా, సెమినరీ నుంచి పంపేయాలా అని నిర్ణయించేటప్పుడు అతని ఆత్మీయ మార్గదర్శి అభిప్రాయాన్ని ఎన్నడూ అడగకూడదు. 630వ నిబంధన మఠాధిపతులు తమ కింద ఉన్నవాళ్ల చేత అంతరంగాన్ని చెప్పించుకోవాలని చూడరాదంటుంది. మనసు విప్పి చెప్పుకునే చోటునూ భవిష్యత్తు నిర్ణయమయ్యే చోటునూ చట్టమే వేరు చేసింది. అంత పకడ్బందీ ఏర్పాటున్న సంఘంలోనూ దుర్వినియోగాలు జరిగాయి. ఆ ఏర్పాటే లేనిచోట ఏం జరగగలదో ఊహించవచ్చు.

సైబరాబాద్‌లో ఈ ప్రమాదానికి దాని సొంత రూపం ఉంది. సెల్ గ్రూపు నాయకుడే ఆఫీసులో టీమ్ లీడ్. ఉద్యోగానికి రిఫరల్ ఇచ్చిన బ్రదరే ఆత్మీయ విషయాలు అడిగే బ్రదర్. పెళ్లి సంబంధం చూసిపెట్టే అమ్మగారే పాపం ఒప్పుకోవడానికి దగ్గరైన మనిషి. దశమభాగం లెక్క చూసే ఆయనే ప్రార్థన లెక్కా అడుగుతాడు. అందరూ మంచివాళ్లే అనుకుందాం. అయినా అప్రైజల్ రాసే మనిషి ముందు తన అనుమానాలు చెప్పుకునేవాడు సగమే చెబుతాడు, ఆ సగం విని ఇచ్చే సలహా సగానికే సరిపోతుంది. కాబట్టి శిక్షణలో మొట్టమొదటి నియమం ఇదీ అని నేను పట్టుబడతాను. నీ జీతం, పెళ్లి, సంఘంలో నీ స్థానం ఎవరి చేతిలో ఉన్నాయో ఆ మనిషి నీకు మార్గదర్శి కాకూడదు. దీనివల్ల పాస్టర్ల గౌరవం తగ్గదు. నా దగ్గరే చెప్పుకోవాలి అన్న భారం వాళ్ల మీద నుంచి దిగుతుంది.

మన ప్రొటెస్టెంట్ సంఘాల్లో గట్టిగా వినిపించే అభ్యంతరం మరొకటుంది. దేవునికీ నరులకూ మధ్య మధ్యవర్తి ఒక్కడే, ఆయన క్రీస్తు. బైబిలు చేతిలో ఉంది, పరిశుద్ధాత్మ లోపల ఉన్నాడు, మధ్యలో ఇంకో మనిషెందుకు? మార్గదర్శి మధ్యవర్తి అయితే ఈ అభ్యంతరం అక్షరాలా నిలుస్తుంది, నేనూ వాళ్ల పక్షమే. కానీ అపొస్తలుల కార్యములు ఎనిమిదో అధ్యాయంలో యెషయా చుట్ట చేతిలో ఉండి కూడా ఐతియోపీయుడు ఎవరో ఒకరు దారి చూపకపోతే ఎలా గ్రహిస్తానని అడిగాడు. ఫిలిప్పు రథమెక్కి పక్కన కూర్చున్నాడు, చదువుతున్న చోటు నుంచే మొదలుపెట్టాడు, బాప్తిస్మమిచ్చాడు, కనబడకుండా పోయాడు. ఆ ఐతియోపీయుడు సంతోషంగా తన దారిన సాగిపోయాడంటే ఫిలిప్పు మధ్యలో నిలబడిపోలేదనే అర్థం. సంస్కరణ సంఘాల చరిత్రా దీన్నే బలపరుస్తుంది. 1742లో బ్రిస్టల్‌లో జాన్ వెస్లీ అనుచరులు మందిరం అప్పు తీర్చడానికి వారానికో పెన్నీ వసూలు చేసేందుకు పన్నెండేసి మంది గుంపులుగా ఏర్పడ్డారు. డబ్బు కోసం ఇంటింటికీ వెళ్లిన నాయకులకు లోపలి కష్టాలు కనబడ్డాయి. అక్కడినుంచి ప్రతి నాయకుడూ తన గుంపులో ప్రతి ఒక్కరినీ వారానికోసారి కలిసి ఆత్మ ఎలా ఉందని విచారించడం నియమమైంది. ఆ నాయకులు మామూలు పనివాళ్లు, వాళ్లలో స్త్రీలూ ఉన్నారు. వాళ్లు మళ్లీ వారం వారం తమ సేవకుణ్ణి కలిసి మాట్లాడుకోవాలి. 1924లో పూర్తయిన మెదక్ కెథడ్రల్ కట్టినవాళ్లు ఈ వెస్లీ సంప్రదాయంవాళ్లే, ఇవాళ హైదరాబాద్ సీఎస్ఐ సంఘాలు ఆ మెదక్ డయోసిస్ కిందే ఉన్నాయి. వాళ్ల ఇంట్లో ఉన్న విద్యనే మళ్లీ బయటికి తీయమంటున్నాను.

తెలుగు నేల మీద ఈ పని ఎప్పుడూ సామాన్యులే చేశారు. 1866లో బాప్తిస్మం తీసుకున్న యెర్రగుంట్ల పేరయ్య తోలు పని చేసే మాదిగ కులస్థుడు, ఒంగోలు ప్రాంతంలో తాళ్లకొండపాడు ఆయన ఊరు. క్రీస్తు మాట వినకముందే రాజయోగ మార్గంలో గురువు దగ్గర కూర్చుని సాధన చేసినవాడు. ఒకరి దగ్గర కూర్చోవడమంటే ఏమిటో తెలిసిన మనిషి కాబట్టి, ఊరూరా నడిచి, చుట్టాల ఇళ్లలో కూర్చుని మాట్లాడి మనుషుల్ని నడిపించాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న ఒంగోలు ఉద్యమానికి పునాది ఆ ఇళ్లలో పడింది. దోర్నకల్‌లో 1912 నుంచి బిషప్‌గా పనిచేసిన వి.ఎస్. అజరయ్య పల్లె ఉపాధ్యాయుల్ని తయారుచేయడం మీద తన శక్తి ధారపోశాడు. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరో మహాసభలో ఆయనే, మీరు త్యాగాలు చేశారు, ఇక మాకు స్నేహితులు కావాలని మిషనరీలను అడిగాడు. పైనుంచి వచ్చే మేలు సరిపోదు, పక్కన కూర్చునే మనిషి కావాలని ఆ మాటకు అర్థం. 1954లో ఏర్పడిన యూఈఎస్ఐ అనే క్రైస్తవ విద్యార్థి సంస్థ కాలేజీ విద్యార్థులకు పట్టభద్రులైన ఉద్యోగస్థుల్ని తోడుగా నిలిపింది. సైబరాబాద్ ఇంజినీర్లలో ఆ తోడు రుచి చూసి వచ్చినవాళ్లున్నారు. వాళ్లతోనే మొదలుపెట్టవచ్చు.

ఇది వరం, శిక్షణతో వచ్చేది కాదు అనేవాళ్లకు నా జవాబు చిన్నది. పాడడమూ వరమే, గాయకబృందం శనివారం సాధన చేయకుండా ఆదివారం నిలబడదు. 1982లో ఆత్మీయ మార్గదర్శకత్వం మీద పుస్తకం రాసిన విలియం బ్యారీ, విలియం కానలీలు ఇగ్నేషియస్ స్థాపించిన జెస్విట్ సభకు చెందిన అమెరికన్లు, వాళ్ల పద్ధతిలో శిక్షణంటే ప్రధానంగా పర్యవేక్షణ. నేర్చుకునేవాడు ఒకరిద్దరితో కూర్చుంటాడు, తర్వాత అనుభవజ్ఞుడి ముందు తన సంగతి చెప్పుకుంటాడు. అవతలివాళ్ల రహస్యాలు అక్కడ చెప్పడు. తనకు ఎక్కడ విసుగొచ్చింది, ఎక్కడ సలహా నోటిదాకా వచ్చింది, ఎవరి కన్నీళ్లు చూసి తనకు తన తండ్రి గుర్తొచ్చాడు అన్నవి చెబుతాడు. మన దగ్గర పాస్టర్లకు కూడా ఇలా చెప్పుకునే చోటు లేదు. వాళ్ల ఒంటరితనం గురించి సంఘాలు ఆలోచించకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఆఫీసుల్లో మెంటర్లున్నారు, కౌన్సెలర్లున్నారు, మళ్లీ ఇదెందుకు అని అడగవచ్చు. మెంటర్ మీ ఎదుగుదల చూస్తాడు, కౌన్సెలర్ మీ గాయం చూస్తుంది, మార్గదర్శి మీకూ దేవునికీ మధ్య ఏం జరుగుతోందో చూస్తాడు. ఒకటి రెండోదానికి బదులు కాదు. అందుకే తన హద్దు తెలియడం ఈ విద్యలో విడదీయరాని భాగం. నిద్ర పట్టక, తిండి సయించక, బతకాలని లేదన్న మనిషికి ముందు వైద్యుడు కావాలి. 2022 అక్టోబరు నుంచి పనిచేస్తున్న టెలీ మానస్ 14416 నంబరు తెలుగులోనూ జవాబిస్తుంది. ఆ నంబరు ఫోన్‌లో పెట్టుకోని మార్గదర్శి ఇంకా సిద్ధం కానట్టే. మందులు వేసుకోవడం అవిశ్వాసం అని చెప్పినవాళ్ల వల్ల ప్రాణాలు పోతాయి. ఈ విషయంలో మెత్తగా మాట్లాడడం నాకు చేతకాదు.

గోప్యత మన సంఘాలు ఇంకా గట్టిగా నేర్చుకోవలసిన పాఠం. ‘ఫలానా సిస్టర్ ఇంట్లో సమాధానం లేదు, ప్రార్థించండి’ అని గ్రూపులో వచ్చే ఒక్క సందేశం భక్తితోనే మొదలవుతుంది. అరగంటలో నూటయాభై మందికి తెలుస్తుంది, అందులో ఆమె ఆడపడుచు కూడా ఉంటుంది. ఆ సిస్టర్ ఇక జీవితంలో ఎవరికీ ఏమీ చెప్పదు. కతోలికుల్లో పాపసంకీర్తనం విన్న యాజకుడు దాన్ని ఏ పరిస్థితిలోనూ బయటపెట్టరాదు. మనకు ఆ దివ్య సంస్కారం లేకపోయినా ఆ కట్టుబాటు తెచ్చుకోవచ్చు. పసిపిల్లల మీద దౌర్జన్యం, ప్రాణాపాయం తప్ప విన్నదేదీ బయటికి పోదని మొదటి రోజే చెప్పాలి, చెప్పినట్టే నిలబడాలి.

ఇలాంటి చోటు లేక మూగబోయిన బాధల్లో ఒకటి మన ప్రాంతానిదే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం స్వీకరించిన దళితులకు ఎస్సీ హోదా వర్తించదు, మన రాష్ట్రాల్లో వాళ్లు బీసీ-సీ కిందికి వస్తారు. సర్టిఫికెట్‌లో ఒకటి, ఆదివారం ఇంకొకటిగా బతుకుతున్న కుటుంబాల పిల్లలు పెద్ద కంపెనీల్లో ఉన్నారు. ఆఫీసులో చెబితే కులం బయటపడుతుంది, సంఘంలో చెబితే సాక్ష్యం పోతుంది. చట్టం న్యాయమా కాదా అన్న వాదన వేరు. కానీ రాత్రిళ్లు ఆ మనస్సాక్షి ఎవరితో మాట్లాడుకోవాలి? మార్గదర్శి వకీలు కాదు, న్యాయమూర్తి అంతకన్నా కాదు. నాన్న ఏ పరిస్థితుల్లో ఆ సర్టిఫికెట్ కోసం సంతకం పెట్టాడో ఆ మనిషిని ముందు చెప్పుకోనివ్వాలి. తీర్పు వినబడుతుందన్న భయం ఉన్నంతసేపూ మనస్సాక్షి నిజం పలకదు. స్త్రీల సంగతీ ఇంతే. ఎడారుల్లో ఏకాంతంగా ప్రార్థించిన పూర్వకాలపు సన్యాసుల, అంటే ఎడారి తండ్రుల కాలంలోనే సింక్లెతికా లాంటి ఎడారి తల్లుల దగ్గరికి సలహా కోసం జనం వెళ్లేవారు. తెలుగు పల్లెల్లో బైబిలు స్త్రీలు గడప గడపకూ వెళ్లి ఆడవాళ్ల కష్టం విన్నారు. ఇన్ని చదువులు చదివి, ఇన్ని బాధ్యతలు మోస్తున్న అమ్మాయిలకు ఇవాళ మగ పాస్టర్ ఒక్కడే దిక్కు కావడం వెనకడుగే. శిక్షణకు పిలిచేవాళ్లలో సగం మంది స్త్రీలు ఉండాలి.

ఈ నగరంలో ఇందుకు కావలసిన సరంజామా ఉంది. 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాద్‌కు తరలివచ్చిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల ఉంది. రామంతాపూర్‌లో కతోలికుల సెయింట్ జాన్స్ సెమినరీ ఉంది. ఇగ్నేషియస్ పద్ధతి తెలిసిన జెస్విట్లు ఉన్నారు. ఈ ముగ్గురూ కలిసి కొండాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఒక మందిరం గదిలో శనివారం సాయంత్రాల శిక్షణ నడపడానికి అడ్డేమీ లేదు, ఒకరి సిద్ధాంతం మీద ఇంకొకరికున్న అనుమానం తప్ప. ఆ అనుమానానికి నేనొక ప్రవేశ నియమం సూచిస్తాను. చేరేవాళ్లు ఇతరులతో కూర్చోవడానికి ముందు ఏడాదిపాటు తామే ఒక మార్గదర్శి ముందు కూర్చోవాలి, వీలైతే వేరే సంఘానికి చెందిన మనిషి ముందు. ఎవరి దగ్గరా ఫీజు తీసుకోకూడదు, సంఘంలో పదవి ఇవ్వకూడదు, కార్డు మీద పేరుకు ముందు ఏ బిరుదూ వేసుకోకూడదు. రెండేళ్ల తర్వాత పన్నెండుమంది మిగిలినా, ఒక్కొక్కరు నెలకు నలుగురితో కూర్చున్నా, ఇవాళ వరసలో నిలబడి రెండు నిమిషాలతో వెళ్లిపోతున్నవాళ్లలో నలభై ఎనిమిది మందికి గంట దొరుకుతుంది.